పాలు లేని చిప్సు

మా చెల్లెలు పదకొండేళ్ళ వయసులో పాలు మానేసింది. పాలంటే పాలొక్కటే కాదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, చాయ్, పాలపొడి కలిపిన బిస్కెట్టు, ఏదీ ముట్టలేదు. ఇప్పుడు ఇలాంటివాళ్ళని వీగన్లు అంటున్నారు, పెద్ద దుకాణాల్లో వాళ్ళ కోసం విడిగా ఒక అర కూడా పెడుతున్నారు. అప్పట్లో మా ఇంట్లో దానికున్న పేరు పొగరు. పైగా మాది పాలమ్ముకుని బతికే ఇల్లు.

నల్గొండ దగ్గరి ఊరు వదిలి వచ్చిన మా నాయిన నాగోల్లో మూసీ పక్కన రేకుల కొట్టం వేసి బర్రెలు పెట్టాడు. చెల్లెలి చిన్నతనంలోనే అమ్మ పోయింది. నేను డిగ్రీ చదువుతూ పొద్దున్నే స్కూటర్‌కి రెండు క్యాన్లు కట్టుకుని ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో పాలు పోసి వచ్చేవాణ్ణి. ఆ గల్లీల్లో నా పేరు ఎవరికీ తెలీదు. అందరికీ నేను పాలబ్బాయినే.

చెల్లెలు పాలెందుకు మానేసిందో చెప్పాలి. మా పెద్ద బర్రె ఈనింది, మగదూడ పుట్టింది. ఆడదూడైతే రేపు పాలిస్తుంది. మగదానికి తాపే పాలు నష్టమని నాయిన లెక్క. పొదుగు దగ్గరికి రానివ్వకుండా దాన్ని మూలన గుంజకి కట్టేశాడు. మా చెల్లెలు గంజిలో వేళ్ళు ముంచి దాని నోట్లో పెట్టేది, అది ఆ వేళ్ళనే చీకేది. పది రోజులు కూడా బతకలేదు.

దూడ లేకపోతే బర్రె చేపదు, అంటే పాలు విడవదు. నాయిన ఒక మనిషిని పిలిచి దూడ తోలు ఒలిపించాడు. ఆ తోలుకి ఉప్పు రాసి, లోపల వరిగడ్డి కూరి, దబ్బనంతో కుట్టి, నాలుగు కట్టెల మీద తల్లి ముందు నిలబెట్టాడు. బర్రె వాసన చూసింది. నాకింది. చేపింది. నాయిన బకెట్ పెట్టుకుని పిండటం మొదలుపెట్టాడు. కుట్టు సరిగా పడలేదేమో, దూడ కడుపులోంచి గడ్డి బయటికొచ్చింది. నాకుతూ నాకుతూనే ఆ తల్లి తన బిడ్డ కడుపులోని గడ్డిని తినడం మొదలుపెట్టింది. బడి సంచీ భుజాన వేసుకుని మా చెల్లెలు అక్కడే నిలబడి ఉంది.

అది ఏడవలేదు. నేరుగా వెళ్ళి బకెట్‌ని కాలితో తన్నింది. పాలన్నీ పేడలో కలిశాయి. నాయిన పలుపుతాడు అందుకున్నాడు.

బర్రెని కట్టే తాడుతో మనిషిని కొడితే ఎలాంటి చప్పుడొస్తుందో నాకు తెలుసు. ఆ రోజు సాయంత్రం నాయిన చెల్లెలి ముక్కు మూసి, తల వెనక్కి వంచి, నోట్లో గ్లాసుడు పాలు పోశాడు. అది మొత్తం ఆయన పాదాల మీదే కక్కింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పోశాడు. ఇలా ఎన్నో రోజులు జరిగింది. చివరికి నాయినకే విసుగొచ్చి వదిలేశాడు కానీ అది మాత్రం దిగిరాలేదు. ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను గడప బయట నిలబడి చూశాను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు దాటాయి. అడ్డం పడగలను. పడలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ కొరుకుతుంది.

ఆరేళ్ళు గడిచాయి. చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్లో ఇంటర్లో చేరింది. దాని స్నేహితురాళ్ళు బేకరీలో పఫ్ తినేవాళ్ళు, కేక్ తినేవాళ్ళు, ఐస్‌క్రీమ్ తినేవాళ్ళు. ఇది పుస్తకాలు పట్టుకుని పక్కన నిలబడేది. బయట దొరికేవాటిలో అది తినగలిగింది చిప్సు ఒక్కటే. ఆలుగడ్డ, నూనె, ఉప్పు. వారానికోసారి నేను ఒక ప్యాకెట్ కొనుక్కెళ్ళి ఇచ్చేవాణ్ణి. అన్న ప్రేమగా తెస్తున్నాడని అది అనుకునేది. నాకు మాత్రం అది ఆ గడప దగ్గర నిలబడ్డందుకు కట్టుకుంటున్న జరిమానా.

ఆ ప్యాకెట్లు కొనే దుకాణం దిల్‌సుఖ్‌నగర్లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని నడిపేవాడు. కింద దుకాణం, పైన ఇల్లు. ఆ ఇంటికీ రోజూ నేనే పాలు పోసేవాణ్ణి. చెల్లెలు కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగి, ఏ ప్యాకెట్లో పాలున్నాయో, దేంట్లో లేవో ఆయన్ని అడిగేది. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ప్యాకెట్ వెనక చీమతలకాయంత అక్షరాలన్నీ కూడబలుక్కుంటూ చదివి చెప్పేవాడు. ఎందుకంత శ్రమ అని ఒకసారి నవ్వుతూ అడిగాను. "నమ్మి అడుగుతోంది బాబూ. తప్పు చెబితే ఆ పాపం నాదే కదా" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

ఒకరోజు చెల్లెలు నాతో అంది, "అన్నా, కొత్తగ మసాల చిప్సు ఒచ్చినయంట. మా క్లాసోళ్ళందరు తింటున్నరు. జర అంకుల్ను అడిగి, పాలు లేకపోతే తేవా?" అది నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అరుదు. ఆ సాయంత్రమే వెళ్ళాను.

దుకాణం కిటకిటలాడుతోంది. అందరూ కోచింగ్ పిల్లలు, ఎక్కువగా కోస్తా వాళ్ళు. నేను మసాలా ప్యాకెట్ చూపించి ఇమ్మన్నాను. పెద్దాయన దాన్ని తీయబోయి ఆగాడు.

"చెల్లాయికా బాబూ?"

"అవు."

"అయితే ఇది వద్దు. ఇందులో పాలున్నాయి."

"చిప్స్ల పాలేంది?" అన్నాను.

పక్కనున్న కుర్రాడొకడు నా యాసనే పట్టుకుని "పాలేంది?" అన్నాడు. నాలుగు నవ్వులు వినిపించాయి. ఇంకొకడు నా స్కూటర్‌కున్న క్యాన్ల వైపు చూసి, "వీళ్ళ క్యాన్లోనే ఉండని పాలు చిప్స్‌లోకి ఎలా వచ్చాయిరా బాబూ" అన్నాడు. ఈసారి అందరూ పగలబడి నవ్వారు. పెద్దాయన పెదవుల మీద కూడా చిన్న నవ్వు కనపడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్యాకెట్ లాక్కుని దాని మీదున్న పచ్చ చుక్క మీద వేలు పెట్టి చూపించాను. "పచ్చ చుక్క ఉంది కదా? గిది శాకాహారమే కదా? మల్ల పాలెట్ల ఉంటయ్?"

"పచ్చ చుక్కంటే మాంసం లేదని బాబూ. పాలు లేవని కాదు. ఇదిగో, ఇక్కడ వే పౌడర్ అని రాశాడు చూడు. వే అంటే పాలు విరిగాక మిగిలే నీళ్ళు. వాటినే ఎండబెట్టి పొడి చేసి మసాలాలో కలుపుతారు. రుచి నాలుక్కి పట్టుకోడానికి."

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఇప్పుడు ఏ ప్యాకెట్ చేతికొచ్చినా నేను తిప్పి చూస్తాను. ఉప్పు చిప్స్‌లో చాలావరకు ఏమీ ఉండదు. మసాలావి, టమాటావి, ఉల్లిపాయవి అయితే పాలపొడి, వే, లాక్టోజ్, చీజ్ పొడి, ఏదో ఒకటి ఆ మసాలాలో నక్కి ఉండొచ్చు. ఒక కంపెనీ వాడు కలుపుతాడు, ఇంకొకడు కలపడు. చదవడం తప్ప వేరే దారి లేదు. కానీ ఆ సాయంత్రం నా చెవికి ఇదేదీ ఎక్కలేదు. పాలవాడి కొడుకునని అందరి ముందు ఎకసెక్కాలాడుతున్నాడని మాత్రమే ఎక్కింది. ప్యాకెట్ గల్లా మీద విసిరికొట్టి వచ్చేశాను. వెనక నుంచి "బాబూ, ఉప్పువి తీసుకెళ్ళు" అని ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. మా కాలేజీ మొత్తం రోడ్డు మీదే ఉండేది. నేనూ ఉన్నాను, మనస్ఫూర్తిగా ఉన్నాను, ఇప్పటికీ అందుకు బాధ లేదు. కానీ మా బ్యాచ్‌ని నడిపించే దోస్తుతో దుకాణం ముచ్చట చెప్పినప్పుడు నేను నిజం చెప్పలేదు. "మా చెల్లెకు చిప్సు అమ్మనన్నడు" అన్నాను. పాలపొడి సంగతి చెప్పలేదు. అంత చిన్న మాట మింగేస్తే కథ ఎంత మారిపోతుందో నాకు తెలుసు. తెలిసే మింగేశాను.

"మన పిల్లలకు అమ్మడా? మన గడ్డ మీద దుకాణం పెట్టుకొని?" అన్నాడు దోస్తు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు లోపల హాయిగా అనిపించింది.

తర్వాతి బంద్ రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాల్చాం. నల్లటి పొగ. బస్సులు లేవు. ముందు మాటలు, తర్వాత తోపులాట, తర్వాత ఎవరిదో ఒక రాయి. అంతే, లాఠీలు లేచాయి. నా పక్కనున్న పిల్లవాడి మూతి మీద దెబ్బ పడింది. వాడు అరచేతిలోకి ఉమ్మితే రక్తంతో పాటు రెండు పళ్ళు వచ్చాయి. వాడు వాటిని చూసుకుంటూ నిలబడిపోయాడు. నా వీపు మీద మూడు పడ్డాయి. కళ్ళలో గ్యాసు మండుతోంది. వెనక బూట్ల చప్పుడు. దొరికిన సందుల్లోకల్లా దూరి దిల్‌సుఖ్‌నగర్ వైపు పరిగెత్తాం. కొట్టినవాణ్ణి తిరిగి కొట్టలేకపోయిన కోపం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నాయిన కొట్టాక మా బర్రెలు గుంజల్ని కుమ్మేవి, అలా ఉంటుంది.

ఆ గల్లీలోకే వచ్చి పడ్డాం. పది పన్నెండు మందిమి. అందరి ముఖాలకీ దస్తీలు. దోస్తు ఆగి నన్నడిగాడు.

"చిప్సు అమ్మనన్నోడి దుకాణం గిదేనా?"

కాదనొచ్చు. ఒక్క మాట. ముందుకి పోదాం పదండి అన్నా చాలు. నేను తలూపాను.

షట్టర్‌కి తాళం లేదు. లోపల మనిషి ఉన్నాడు కాబట్టే తాళం లేదని ఎత్తేదాకా తోచలేదు. పెద్దాయన గల్లా వెనక కూర్చుని ఉన్నాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. ఎవరో ఆయన్ని ఛాతీ మీద తోశారు. అరకి తల తగిలి కింద పడ్డాడు. నుదురు చిట్లింది. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి, ఎవడి కాలి కిందో నలిగిన చప్పుడయింది. గాజు సీసాలు ఒక్కొక్కటే పగిలాయి. నేను కూడా పగలగొట్టాను. నా చేతిలో కర్ర ఉంది. అందులోకి నా బలమంతా ఎక్కడినుంచి వచ్చిందో, ఒక్కో దెబ్బకీ ఒక్కో అర కూలింది. అరచెయ్యి కోసుకుపోయింది, నొప్పి తెలియలేదు. పచ్చి నిజం చెబుతున్నాను, నాకు సంతోషంగా ఉండింది.

గల్లా కింద ఒక అట్టపెట్టె ఉంది. మిగతావన్నీ వదిలేసి ఆ పెద్దాయన దాన్నే ఒడిలోకి లాక్కున్నాడు. అందులో ఏదో విలువైనది ఉందనుకున్నాను. లాగాను. వదల్లేదు. కర్రతో ఆయన మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు కర్రలోంచి నా చేతికి తెలిసింది. "అబ్బా" అని కూడా అనలేదు, నోరు తెరిచాడంతే. నేను పెట్టె లాక్కున్నాను. మూత కొంచెం తెరిచి ఉంది. నేల మీద చెదిరి ఉన్న మసాలా చిప్సు ప్యాకెట్లు నాలుగైదు దాంట్లో కుక్కి, బూట్ల చప్పుడు దగ్గరవుతుంటే పరిగెత్తాను.

ఇంటికొచ్చేసరికి నాయిన కొట్టంలో ఉన్నాడు. చెల్లెలు నా చేతికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. వీపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాన్ని నవ్విద్దామని పెట్టెలోంచి ఒక మసాలా ప్యాకెట్ తీసి ఒళ్ళో పడేశాను. అది వెంటనే తెరవలేదు. వెనక్కి తిప్పి చదివింది. దానికి మిల్క్ అనే మాట తెలుసు, వే అనే మాట తెలీదు.

"అంకుల్ను అడిగినవా అన్నా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"పాలు లేవన్నడు. తిను."

అది తింది. మొదటి చిప్పు నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వేళ్ళకంటిన మసాలా కూడా నాకింది. ఆరేళ్ళలో దాని మొహం అంత వెలగడం నేను చూడలేదు. "మస్తుంది అన్నా" అంది. ఆ మాటకి నా కడుపు నిండిపోయింది. ఆ దుకాణం వాడే అబద్ధాలకోరు, ఇదిగో నేను తెచ్చాను, అనుకున్నాను.

అది నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. ఎవరైనా చూస్తారని పెట్టె ఖాళీ చేసి పొయ్యిలో పెట్టేద్దామని బోర్లించాను. పైనున్న మసాలా ప్యాకెట్లు పడ్డాయి. వాటి కింద నుంచి వరసగా పేర్చిన ఉప్పు చిప్సు ప్యాకెట్లు పడ్డాయి. నేను పెట్టినవి కావవి. పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. గుండ్రటి చేతిరాత, నీలం పెన్ను.

"పాలబ్బాయి చెల్లెలికి. ఉప్పువి సరే. మసాలావి ఇవ్వొద్దు, వే పొడి ఉంది. నేను లేకపోతే ఇందులోవే ఇవ్వాలి."

దుకాణంలో తను లేనప్పుడు కూర్చునే భార్య కోసం రాసుకున్నాడు. విరిగిన చేతి కింద ఆయన దాచబోయింది దాన్ని.

నాయిన ముక్కు మూసి, మెడ వంచి, పలుపుతాడుతో బాది కూడా చెల్లెలి గొంతు దాటించలేకపోయిన పాలని నేను నవ్వుతూ నవ్విస్తూ దాటించాను. నాయిన కొట్టి ఓడిపోయాడు. నేను ఇంకొకర్ని కొట్టి గెలిచాను. కొట్టం వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను. చెల్లెలు పరిగెత్తుకొచ్చి వీపు రాసింది. "దెబ్బలకే అన్నా, దవాఖానకు పోదమా?" అంది. చెప్పాలని నోరు తెరిచాను. "అవు, దెబ్బలకే" అన్నాను.

చేతి గాయం వంకతో ఆ వీధికి పాలు పొయ్యడానికి వెళ్ళలేదు. నాయినే వెళ్ళాడు. "ఆ గుంటూరాయన చెయ్యి ఇరగ్గొట్టిన్రంట. పాపం, మంచోడు. ఎవ్వలో గాని వాళ్ళ చేతులు పడిపోను" అన్నాడు ఒక పొద్దున. పలుపుతాడు పట్టిన మనిషి కూడా అలా అన్నాడు.

కొన్ని వారాలకి దుకాణం మళ్ళీ తెరిచారు. అంకుల్ని పలకరించాలని చెల్లెలు నన్ను రోజూ పోరింది. తప్పించుకోలేక తీసుకెళ్ళాను. సగం అరలు ఖాళీ. పెద్దాయన కుడిచేతికి సిమెంటు కట్టు, నుదుటి మీద కుట్ల మచ్చ. కొత్త కళ్ళద్దాలు. చెల్లెలు ఆ చెయ్యి చూసి ఏడ్చేసింది. ఆయన "ఏం కాదమ్మా, అతుక్కుంటుంది" అని ఎడమ చేత్తో దాని తల నిమిరాడు.

ఏడుపు తగ్గాక, మనసు తేలికపరచాలనుకుందేమో, అది అన్నది, "అంకుల్, బంద్ నాడు అన్న తెచ్చిన మసాల చిప్సు మస్తున్నయ్. పాలు లేవని మీరే చెప్పిన్రంట కదా?"

పెద్దాయన నా వైపు చూశాడు. తర్వాత నా అరచేతి వైపు. గాజు కోసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది. గల్లా చాటున దాచుకోబోయాను, ఆలస్యమైపోయింది. బంద్ నాడు ఆయన దుకాణం అమ్మకానికి తెరవలేదన్న సంగతి ఆ గల్లీలో మా చెల్లెలికి తప్ప అందరికీ తెలుసు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. చెబుతాడు. చెప్పే హక్కు ఆయనకుంది.

ప్యాకెట్ తీసి వెనకవైపు చదవకుండానే, ఆయన చెల్లెలితో అన్నాడు, "అవునమ్మా. అప్పుడొచ్చిన వాటిలో పాలు లేవు. ఇప్పుడొచ్చే వాటిలో కలుపుతున్నాడు. ఇంక అవి తినకు."

తర్వాత వంగి, గల్లా కింద నుంచి ఒక కొత్త అట్టపెట్టె లాగాడు. ఉప్పు చిప్సు ప్యాకెట్ ఒకటి ఎడమ చేత్తో దానికిచ్చాడు. అది మెట్లు దిగి ముందుకి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి చూడలేదు కూడా.

"నమ్మి అడిగింది, అబద్ధం చెప్పాను" అన్నాడు. "రేపటి నుంచి మా ఇంటికి పాలు వద్దు."

నేను మెట్లు దిగాను. గల్లీ మలుపులో చెల్లెలు ప్యాకెట్ చించుకుని నాకోసం ఆగి ఉంది. ఒక చిప్పు తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"తిను అన్నా, ఏం పరేషాన్ లేదు. అంకుల్ ఇచ్చిండు, దీంట్ల పాలు లేవు."

నోరు తెరిచాను. అది పెట్టింది.